పైకప్పు లేని బండికి గడపే ప్రాణం

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పది రోజుల క్రితం కార్యదర్శి గారు ఫోను చేసి, "ఈసారి డి.ఏ. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. మీరు మాత్రం ఆ టాపు లేని కారు సంగతి చెప్పండి" అన్నారు. నేను 1973లో గుమాస్తాగా చేరి 2008లో పదవీ విరమణ చేసినవాణ్ణి. ముప్పై అయిదేళ్లు ఫైళ్లు మోశాను గాని స్పానరు సరిగా పట్టుకోవడం ఈనాటికీ రాదు. కనుక ఇది నేను చేసిన పని గురించి కాదు. ఏడు నెలలపాటు ఒక షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, పక్కన నోటు పుస్తకం పెట్టుకుని చూసిన పని గురించి. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

ఆ కారు మా బావగారిది. ఆయన మద్రాసు కోడంబాకంలో ఒక స్టూడియోలో శబ్దగ్రహణ విభాగంలో పనిచేసేవారు. 1968లో ఒక డాక్టరు గారి కుటుంబం దగ్గర ఈ కారు కొన్నారు. 1951 మోడలు మోరిస్ మైనర్, కన్వర్టిబుల్. అంటే పైన ఇనుప టాపు బదులు మడిచి వెనక్కి వేసుకునే గుడ్డ టాపు ఉన్న రకం. తెలుగు సినిమా కొద్దికొద్దిగా మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలి వస్తున్న కాలమది. అక్కినేని నాగేశ్వరరావు గారు 1976లో బంజారాహిల్స్ బండరాళ్ల మధ్య అన్నపూర్ణ స్టూడియో పెట్టినప్పుడు, అక్కడికి ఎవరు వస్తారని నవ్వినవాళ్లున్నారు. తర్వాత అందరూ అక్కడికే వచ్చారు. మా బావగారు కూడా 1984లో మా అక్కయ్యనీ, పిల్లలనీ రైలెక్కించి, తాను మాత్రం ఈ కారులో వచ్చారు. ఫిలింనగర్ ఎత్తు మీద చిన్న ఇల్లు కట్టుకున్నారు.

ఈ మోరిస్ మైనర్ సంగతి రెండు మాటలు చెప్పాలి. ఇది ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ దగ్గర కౌలీ అనే చోట తయారైంది. మనం ఆఫీసుల్లో చూసిన అంబాసిడర్ కూడా అదే కంపెనీవారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టింది. కనుక ఈ మైనర్ మన అంబాసిడర్‌కు దగ్గరి బంధువు. 1948లో మొదలై సుమారు పదహారు లక్షల బండ్లు తయారయ్యాయి. పది లక్షల సంఖ్య దాటిన మొదటి బ్రిటిష్ కారు ఇదే. రూపకర్త అలెక్ ఇసిగోనిస్. తర్వాత 1959లో మినీ కారు రూపొందించిన మహానుభావుడు కూడా ఆయనే. నమూనా బండి దాదాపు సిద్ధమయ్యాక ఆయనకు అది మరీ సన్నగా ఉందనిపించిందట. మధ్యకి నిలువునా కోయించి, రెండు సగాలనూ ఎడంగా జరిపి చూసి, నాలుగు అంగుళాల వెడల్పు పెంచారు. బానెట్టు మీద ఈనాటికీ కనిపించే ఆ మధ్య పట్టీ అప్పటి అతుకు గుర్తే. కోసి అతకడమనేది ఈ కారుకు పుట్టుకతోనే వచ్చిందని మా ఉస్తాద్ నవ్వేవాడు.

ఇక అసలు విషయం. పాతకాలపు బండ్లకు కింద ఛాసిస్ అనే ఇనుప చట్రం వేరుగా, పైన బాడీ వేరుగా ఉండేవి. మన చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రంగులో నిజాం గారి 1912 నాటి రోల్స్ రాయిస్ ఉంది, చాలామంది చూసే ఉంటారు. అది అటువంటిది. బాడీ అంతా విప్పి పక్కన పెట్టినా ఛాసిస్ చక్రాల మీద నిలబడుతుంది. ఎడ్లబండికి కింద చట్రం, పైన గూడు ఉన్నట్లన్నమాట. మోరిస్ మైనర్ అలా కాదు. దానికి విడి ఛాసిస్ లేదు. అడుగు రేకు, తలుపుల కింది భాగం, స్తంభాలు, పైకప్పు అన్నీ కలిపి అతికిన ఒకే పెట్టె. ఆ పెట్టెకు ఉన్న బిగువే దాని బలం.

ఇప్పుడు ఆ పెట్టె మూత కోసి తీసేస్తే ఏమవుతుంది? అట్టపెట్టె మూత చింపి రెండు చివరలా పట్టుకుని చూడండి, మెలికలు తిరుగుతుంది. గుడ్డ టాపు బండికి వచ్చిన చిక్కు అదే. అందుకని తయారు చేసినవారు తలుపుల కింద ఉండే భాగాన్ని లోపల అదనపు పలకలు పెట్టి గట్టి పెట్టెలాగా చేశారు. ముందు స్తంభాల దగ్గర కూడా అదనపు బిగింపులు ఇచ్చారు. తలుపుల కింది ఆ భాగాన్ని ఇంగ్లీషులో సిల్ అంటారు. అంటే మన గడపే. ఇంటి గడపకు పసుపు రాస్తాం గాని అది ఇంటి బరువు మోయదు. ఈ కారులో మాత్రం ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య బండి వంగిపోకుండా పట్టుకునేది ముఖ్యంగా ఈ రెండు గడపలే. టాపు ఉన్న కారుకి గడప తుప్పు పడితే జబ్బు. టాపు లేని కారుకి పడితే ప్రాణం మీదికి వచ్చినట్టే.

మా బావగారి కారుకు తుప్పు ఎక్కడి నుంచి వచ్చింది? మొదటి అప్పు మద్రాసులో చేసింది. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. ఇనుముకి నీరు, గాలి రెండూ తగిలితే తుప్పు పుడుతుంది, ఉప్పు తోడైతే ఆ పని ఇంకా వేగంగా జరుగుతుంది. రెండో అప్పు ఫిలింనగర్‌లో చేశాం. 1996 తర్వాత బావగారికి చూపు తగ్గి నడపడం మానేశారు. కారుని వేపచెట్టు కింద పెట్టి, మీద మందపాటి టార్పాలిన్ కప్పి, తాళ్లతో గట్టిగా కట్టేశాం. ఎంతో భద్రంగా దాచామనుకున్నాం. నిజానికి తడిని లోపల బంధించి గాలి ఆడకుండా చేశాం. గడపల అడుగున నీరు పోవడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి. రాలిన వేపాకు, దుమ్ము కలిసి వాటిని మూసేశాయి. ప్రతి వానాకాలమూ కొంత నీరు లోపలికి దిగి అక్కడే నిలిచిపోయింది. ఇనుము తుప్పుగా మారితే అంతకు కొన్ని రెట్లు ఎక్కువ చోటు కావాలి. కనుక రెండు రేకుల అతుకు మధ్య తుప్పు పుడితే అది ఆ అతుకునే విడదీస్తుంది. మన పాత క్వార్టర్లలో స్లాబు లోపలి ఊచలు తుప్పుపట్టి, కింద కాంక్రీటు పెచ్చులూడి పడేది కూడా ఈ కారణం చేతనే. పైకి చిన్న బుడిపె కనిపించేసరికి లోపల చాలా పోయి ఉంటుంది.

బావగారు 2014లో కాలం చేశారు. 2018 ఫిబ్రవరిలో అక్కయ్య మనవరాలి పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకునీ పెళ్లికూతుర్నీ తాతగారి కారులో ఊరేగించాలని పిల్లలు ముచ్చటపడ్డారు. పెళ్లికి నాలుగు నెలల ముందు బండిని ఒక షెడ్డుకి ఇచ్చాం. ఆ షెడ్డు పేరు చెప్పను, చెప్పి ప్రయోజనమూ లేదు. ముప్పై ఎనిమిది వేలు తీసుకుని తళతళలాడే మీగడ రంగు వేసి ఇచ్చారు. ఇంజను కూడా మోగించారు. గడపల మీద చెయ్యి వేస్తే అద్దంలాగా ఉంది. బిల్లు మీద 'పరిశీలించి చెల్లించడమైనది' అని ఆఫీసు అలవాటు ప్రకారం రాసుకున్నాను. పరిశీలించింది మాత్రం రంగే.

పెళ్లిరోజు సాయంత్రం వెనక సీట్లో వధూవరులు, ముందు డ్రైవరు, పక్కన ఆరేళ్ల మా చిన్న మనవడు. కారు మనిషి నడక వేగంతో వెళ్తోంది. బాజా వాళ్లు ముందు, నేను కారు పక్కన. ఫంక్షన్ హాలు ముందు స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగేటప్పుడు కింద నుంచి 'టక్' మని చప్పుడు వచ్చింది. డ్రైవరు వైపు తలుపు బిగుసుకుపోయింది. పిల్లవాడి వైపు తలుపు గొళ్లెం దానంతటదే వదిలేసి తెరుచుకుంది. వాడు తలుపుకి ఆనుకునే కూర్చున్నాడు. పక్కకు ఒరిగిపోతున్న వాడి షేర్వానీ కాలరు నా చేతికి చిక్కింది. అంతే, వాడికి గీత కూడా పడలేదు. అందరూ దిష్టి తగిలిందన్నారు, కొబ్బరికాయ కొట్టారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అదే రోడ్డు మీద వేగంగా వెళ్తున్నప్పుడు జరిగి ఉంటే అనే ఆలోచన వదల్లేదు.

ఆ పెళ్లికి వచ్చినవారిలో షూటింగులకు పాతకార్లు అద్దెకిచ్చే ఒకాయన ఉన్నారు. తలుపు సంగతి ఆయన చూడలేదు, రంగు చూశారు. వారం తిరగకుండా అక్కయ్య ఇంటికి వచ్చి మూడున్నర లక్షలు ఇస్తానన్నారు. వచ్చే నెలలో ఒక పాటకు కావాలట. అక్కయ్య కొడుకు సంతోషించాడు. తప్పని నేననను, వాడికీ ఖర్చులున్నాయి. నిజం చెబుతున్నాను, నాకు కూడా ఒక్క క్షణం నోరు మూసుకుని ఊరుకుందామనిపించింది. పత్రాల మీద అమ్మేది అక్కయ్య, కొనేది ఆయన, మధ్యలో నాకెందుకు అనుకున్నాను.

అక్కయ్య నన్ను వంటింట్లోకి పిలిచింది. "ఒరేయ్ తమ్ముడూ, ఆ రోజు చప్పుడు నువ్వు విన్నావు గదా. అదేమిటో తెలుసుకున్నావా?" అని అడిగింది. లేదన్నాను. "తెలుసుకోకుండా ఎలా అమ్ముతాంరా? మన పిల్లవాణ్ణి నువ్వు పట్టుకున్నావు. రేపు అందులో కూర్చునే పిల్లని ఎవరు పట్టుకుంటారు?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. వచ్చినాయనకు కారు ఇప్పుడు ఇవ్వబోమని చెప్పేశాం.

కృష్ణానగర్ వెనక వీధుల్లో ఒక ఉస్తాద్ ఉన్నాడని తెలిసింది. అరవై దాటిన మనిషి. చిన్నప్పుడు బస్సు బాడీలు కట్టే చోట పని నేర్చుకున్నాడు. వచ్చి రంగు వైపు చూడనే లేదు. నలుగురిని కారులో కూర్చోబెట్టి తలుపులు తెరిచి మూయమన్నాడు. ఒకటి తెరుచుకోలేదు. తలుపు పైభాగంలో సందు సన్నగా, కింద వెడల్పుగా ఉంది. "నడుము వంగింది సాబ్" అన్నాడు. తర్వాత అయస్కాంతం ముక్క తీసి గడప పొడవునా జరిపాడు. అది ఒకచోట అతుక్కుంటే మూడుచోట్ల జారి పడిపోయింది. "ఇక్కడ రేకు లేదు సాబ్, లప్పం ఉంది" అన్నాడు. ఉలి పెట్టి చిన్నగా కొడితే పెచ్చులూడాయి. లోపల నూనె డబ్బా రేకు ముక్కలు, వాటి వెనక ఉండలు చుట్టి కుక్కిన తెలుగు దినపత్రిక. ఒక ఉండ విప్పి చూస్తే 2017 నవంబరు తేదీ ఉంది. ఎడమవైపు లోపలి పలక ఉండవలసిన చోట గుప్పెడు ఎర్ర పొడి మిగిలింది. పక్కనుంచి జాకీ పెట్టి ఎత్తబోతే బండి లేవలేదు, జాకీయే అడుగు రేకులోకి దూరింది.

పని ఎలా చేశాడో క్రమంగా చెబుతాను. మీ ఇంట్లో మోరిస్ మైనర్ లేకపోవచ్చు, అయినా పద్ధతి తెలిస్తే ఏ పాతబండి విషయంలోనైనా మోసపోరు.

మొదట బ్యాటరీ వైరు తీసేసి, పెట్రోలు ట్యాంకు విప్పి దూరంగా పెట్టాడు. వెల్డింగు నిప్పు, పెట్రోలు ఆవిరి ఒకచోట ఉండరాదు. సీట్లు, తివాచీలు, ఇంజను అన్నీ దింపాడు. ఇసుక బకెట్టు, తడి గోనెసంచి ఎప్పుడూ చేతి కందే దూరంలో ఉండేవి.

రెండోది కొలతలు. మేస్త్రీలు ఇల్లు కట్టేటప్పుడు వాడే నీళ్ల లెవల్ గొట్టంతో బండిని నాలుగు మూలలా ఒకే మట్టానికి తెచ్చాడు. వంగిన నడుముని కింద జాకీలతో మిల్లీమీటరు చొప్పున లేపి, తలుపు సందులు పైనా కిందా సమానమయ్యేదాకా సరిచేశాడు. ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు టేపు పట్టించి, రెండు కర్ణాలూ సమానమైతేనే ఊరుకున్నాడు. ఆ అంకెలు నా చేత పుస్తకంలో రాయించాడు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఏమీ కోయకముందే తలుపు చోటులో ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి ఇనుప చదరపు గొట్టాలు అడ్డంగా వెల్డు చేశాడు. ఎడమ స్తంభానికీ కుడి స్తంభానికీ మధ్య కూడా ఇంకొకటి వేశాడు. ఇవి తాత్కాలికం, పని పూర్తయ్యాక కోసేస్తారు. పైకప్పు లేని బండికి గడప కూడా కోసేస్తే పట్టుకునేది ఏమీ ఉండదు, పుస్తకం మూసినట్లు మడతపడుతుంది. ఒకసారి మడతపడిన కొలతతో కొత్త గడప అతికిస్తే ఆ వంకర శాశ్వతమవుతుంది. ఆ తర్వాత ఏ తలుపూ సరిగా పడదు. అందుకే రెండు గడపలూ ఒకేసారి కోయకూడదు. ఎడమవైపు పూర్తిగా అయ్యాకే కుడివైపు ముట్టుకున్నాడు.

నాలుగోది కోయడం. నాకు చూడ్డానికే భయం వేసింది. చేతి వెడల్పు తుప్పు కనబడితే జానెడు కోశాడు. "మంచి రేకు తగిలేదాకా పోవాలి సాబ్. కుళ్లినదానికి కుడితే కుట్టు ఆగుతుందా?" అనేవాడు. కంపెనీలో చుక్కచుక్కగా వేసిన స్పాటు వెల్డింగులను డ్రిల్లుతో ఒక్కొక్కటే తొలిచి, మంచి రేకు పాడవకుండా చెడ్డదాన్ని వేరు చేశాడు. ఈ కారు విడి భాగాలు ఇంగ్లండులో ఇప్పటికీ కొత్తవి చేసి అమ్ముతున్నారు. తెప్పించడానికి ఓడ ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిపి చూస్తే మా శక్తికి మించింది. అందుచేత పాత ముక్కలను అట్ట మీద పెట్టి మూసలు గీశాడు. ఆ అట్ట ఏమిటనుకున్నారు? అక్కయ్య మనవరాలి పెళ్లికార్డులు, మిగిలిపోయిన కట్ట. అడుగు రేకుకి పద్దెనిమిది గేజి, గడప లోపలి పలకలకు పదహారు గేజి, అంటే సుమారు 1.6 మిల్లీమీటర్ల మందం, రాణిగంజ్ నుంచి తెచ్చాం. తగరపు పూతలాగా మెరిసే జి.ఐ. రేకు చవకగా వస్తుంది గదా అని అడిగాను. దాని జింకు పూత వెల్డింగు వేడికి పొగై ఊపిరితిత్తులకు చెరుపు చేస్తుందని వద్దన్నాడు.

అయిదోది అతకడం. పాతకాలపు గ్యాసు వెల్డింగు వేడికి పల్చని రేకు అప్పడంలాగా ముడుచుకుంటుంది. అందుకని సీఓటూ వెల్డింగు వాడాడు. అదైనా ఒకే దమ్ములో గీత గీసినట్లు వేయలేదు. ఇక్కడ అంగుళం, అక్కడ అంగుళం వేసి, చల్లారాక మధ్యది. అతుకు పడే ప్రతి అంచుకీ ముందుగా జింకు ప్రైమరు పూశాడు. ముక్కని తాత్కాలికంగా నాలుగు చుక్కలతో నిలబెట్టి, తలుపు తగిలించి, మూసి చూసి, సందు సరిపోతేనే పూర్తి వెల్డింగు. సరిపోకపోతే ఆ నాలుగు చుక్కలూ కోసి మళ్లీ మొదటికి. ఒక్క ఎడమ గడప మూడుసార్లు అలా ఊడదీశాడు. మా ఆఫీసులో ఒక ఫైలు మూడుసార్లు వాపసు వస్తే నాకు కోపం వచ్చేది. ఇక్కడ నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను.

కారు మధ్యలో ఒక అడ్డదూలం ఉంటుంది. ముందు చక్రాల స్ప్రింగులుగా పనిచేసే రెండు పొడుగాటి ఉక్కు కడ్డీల చివరలు దానికి బిగించి ఉంటాయి. ఆ కడ్డీలు మెలిపడి బలం పట్టి ఉంటాయి. ఆ మెలిక వదిలించకుండా దూలం ముట్టుకుంటే మనిషి ప్రాణానికే ముప్పు. మా కారుకి ఆ దూలం మధ్యభాగం గట్టిగా ఉంది, రెండు చివరలు మాత్రం పోయాయి. ఆ పనిరోజున ఉస్తాద్ తన దగ్గర పనిచేసే కుర్రాళ్లను దూరంగా పంపించి, తానొక్కడే కడ్డీలు వదులు చేశాడు. నన్ను కూడా కుర్చీతో సహా రోడ్డు మీదికి పంపాడు.

ఆఖరిది మళ్లీ తుప్పు రాకుండా చూడటం. వెల్డింగు అయిపోగానే రంగు వేయలేదు. అతుకుల మీద సీలరు పట్టించి, అడుగంతా రెడ్ ఆక్సైడు పూసి, గడప లోపలి బోలు భాగంలోకి సన్నని గొట్టంతో కరిగించిన మైనం, నూనె కలిపిన మందు కొట్టాడు. నీరు పోయే రంధ్రాలు ఒక్కొక్కటి తీగతో పొడిచి, తెరిచే ఉన్నాయని నాకు చూపించాడు. "సాబ్, నీళ్లు రాకుండా ఎవరూ ఆపలేరు. పోయే దారి ఉంచితే చాలు" అన్నాడు. ఈ మాట మీద నేను చాలా రోజులు ఆలోచించాను.

2018 జూన్‌లో మొదలైన పని 2019 జనవరిలో ముగిసింది. లెక్క కూడా చెబుతాను, లేకపోతే పెన్షనర్ల సభలో మాట్లాడినట్లు కాదు. సామాను నలభై ఆరు వేలు, కూలి లక్షా పది వేలు, రంగు, కొత్త గుడ్డ టాపు కలిపి అరవై రెండు వేలు. వెరసి రెండు లక్షల పద్దెనిమిది వేలు. మొదటి షెడ్డుకి పోసిన ముప్పై ఎనిమిది వేలు ఇందులో చేర్చలేదు. అది నా చదువుకి కట్టిన ఫీజు. ప్రతి దశలోనూ ఫోటోలు తీయించి, బిల్లులు, కొలతలు అన్నీ వరసగా ట్యాగు కట్టి ఒక ఫైలు తయారు చేశాను. అలవాటు ఎక్కడికి పోతుంది?

ఫిబ్రవరిలో ఒక ఆదివారం తెల్లవారుజామున ఉస్తాద్ స్వయంగా కారు నడిపాడు. అప్పటికి ఎనభై ఏళ్ల మా అక్కయ్య ముందు సీట్లో, వెనక నేనూ, మా మనవడూ. ఫిలింనగర్ దిగి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు మీదుగా కేబీఆర్ పార్కు చుట్టూ తిరిగాం. టాపు వెనక్కి వేసి ఉంది. నడకకు వచ్చినవాళ్లు ఆగి చూశారు. అక్కయ్య అటూ ఇటూ చూడలేదు. కారు ఆగిన ప్రతిచోటా తన వైపు తలుపు కొంచెం తెరిచి మళ్లీ మూసేది. ఒక్క వేలితో తోస్తే 'టప్' మని పడేది. ఎందుకలా చేస్తున్నావని అడిగితే, "మీ బావగారు ఉన్నప్పుడు ఇలాగే పడేదిరా" అంది. కేబీఆర్ గేటు దగ్గర ఇరానీ చాయ్ తాగి ఇంటికి వచ్చేశాం. మళ్లీ ఎక్కడికీ తీసుకెళ్లమని ఆమె అడగలేదు.

కోవిడ్ రోజులు గడిచాక, ఇంట్లో చూసుకునేవారు లేరని ఆమే అమ్మేయమంది. 2021 జూలైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖవారు మోటారు వాహనాల నిబంధనలు సవరించి, యాభై ఏళ్లు దాటిన బండ్లను వింటేజి వాహనాలుగా రిజిస్టరు చేసే పద్ధతి తెచ్చారు. వాటికి నంబరులో 'వీఏ' అనే అక్షరాలు ఉంటాయి. కొత్త రిజిస్ట్రేషనుకు ఇరవై వేలు, పదేళ్ల గడువు. ఛాసిస్, బాడీ, ఇంజను మార్చకుండా బండి మూలరూపంలో ఉండాలి. అలా రిజిస్టరైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు తిప్పవచ్చు గాని రోజువారీ వాడకానికీ, వ్యాపారానికీ తిప్పరాదు. పాతబండ్లు ఉన్నవారు ఈ సంగతి తెలుసుకుని ఉండటం మంచిది. మేము పాత కొలతకు పాత కొలతే వేశాం గాని కొత్త రూపం ఏదీ పెట్టలేదు. ఆ సంగతి చెప్పడానికి ఫైలు ఉండనే ఉంది.

2022లో ఒక పెద్దమనిషి వచ్చారు, పాతకార్ల మీద మక్కువ ఉన్నవారు. నేను ముందు ఫైలు ఇచ్చాను. గంటసేపు అరుగు మీద కూర్చుని తుప్పు ఫోటోలన్నీ చూసి, తర్వాత లేచి కారు దగ్గరికి వెళ్లారు. నాలుగు లక్షల ఇరవై అయిదు వేలు ఇచ్చారు. ఖర్చు తీసివేస్తే మిగిలింది రెండు లక్షల ఏడు వేలు. అంటే 2018లో నోరు మూసుకుని అమ్మి ఉంటే వచ్చేదానికంటే లక్షా నలభై మూడు వేలు తక్కువ. ఈ లెక్క అక్కయ్యకు చదివి వినిపించాను. "ఆ నష్టం నా ఖాతాలో రాయి" అంది.

మిత్రులారా, సమయం మించుతోంది, ముగిస్తాను. మన ఇళ్లలో మోరిస్ మైనర్లు ఉండవు. పాత అంబాసిడరో, మారుతీయో, కొడుకు కొన్న సెకండ్ హ్యాండ్ కారో ఉంటుంది. నాలుగు సంగతులు గుర్తుంచుకుంటే చాలు. పాతబండి కొనేముందు రంగు చూడకండి, నలుగురిని కూర్చోబెట్టి తలుపులు తెరిచి మూసి చూడండి. జేబులో చిన్న అయస్కాంతం ఉంచుకోండి, మెత్తని గుడ్డ చుట్టి గడపల మీద జరపండి. బండిని టార్పాలిన్‌తో ఊపిరాడకుండా కట్టకండి, కింద నీరు పోయే రంధ్రాలు ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందూ తర్వాతా, శుభ్రం చేయించండి. తుప్పు బరువు మోసే చోట ఉంటే మీద రేకు అతికించి లప్పం పూస్తానన్నవాడికి బండి ఇవ్వకండి. కోసి చూపిస్తానన్నవాడికి ఇవ్వండి, ఖరీదు ఎక్కువైనా సరే. ఆ ఖరీదు మీ శక్తికి మించితే బండిని తూకానికి అమ్మేయండి, అందులో అవమానం లేదు. తెలిసి తెలిసి ఇంకొకరికి బండిగా మాత్రం అమ్మకండి.

మా అక్కయ్యకు ఇప్పుడు ఎనభై ఆరు దాటాయి. ఇవాళ సభకు రాలేకపోయింది. కారు తాళంచెవుల్లో ఒకటి కొన్నవారు ఆమెకే తిరిగి ఇచ్చి వెళ్లారు, అది దేవుడి గూట్లో ఉంది. అప్పటి చిన్న మనవడు పధ్నాలుగేళ్లవాడై నన్ను ఇక్కడికి తీసుకొచ్చాడు. వెనక వరసలో కూర్చున్నాడు. నేను చెప్పినదాంట్లో తప్పులేవైనా ఉంటే ఇంటికి వెళ్లాక వాడు దిద్దుతాడు.